ఆరణాల ఛాన్సు

గౌలిగూడలో లారీ బుకింగ్ ఆఫీసు నడిపే ఒక మనిషిని ఆ బజారంతా ‘ఇంటర్వ్యూ సేటు’ అంటుంది. ఎందుకని అడిగితే నవ్వుతూ ఒక కథ చెబుతారు. పెద్ద మేనేజ్‌మెంటు బడిలో సీటు కోసం మద్రాసు పోయాడట. అక్కడి పెద్దమనుషులు మర్యాదగా మాట్లాడుతుంటే వాళ్ళ మీదకు ఎగిరి, నోటికొచ్చినట్టు అని, తలుపు ధడాలున వేసి వచ్చేశాడట. లారీవాళ్ళ బుద్ధి ఎక్కడికి పోతుంది అని చివర ఒక మాట కలుపుతారు. పోయిన చలికాలం నాంపల్లిలో ఏటా పెట్టే ఎగ్జిబిషన్, నుమాయిష్‌లో, టీ దుకాణం ముందు నిలబడి, నాకు ముఖపరిచయం కూడా లేని ఇద్దరు ఈ కథ చెప్పుకుంటుంటే విన్నాను. కథలో తలుపు ముక్క అబద్ధం. అది నేను కలిపింది. మిగతాది నిజమే కానీ సగమే ఉంది. రెండో సగం కూడా నాదే.

ఆ మనిషంటే నాకు అప్పుడూ ఇష్టం లేదు, ఇప్పుడూ లేదు. అతనికీ నేనంటే గిట్టదు. పాత స్నేహితుడి గురించి నాలుగు మంచి మాటలు రాస్తున్నాననుకుంటే అది పొరపాటు. గిట్టని మనిషి మీద వేసిన నింద కూడా నిందే గనక రాస్తున్నాను.

మా నాన్న సెక్రటేరియట్‌లో గుమాస్తా, డెస్పాచ్ సెక్షను. రాష్ట్రం ఏర్పడ్డ ఏడాది ఆఫీసు కర్నూలు నుంచి హైదరాబాదుకు మారితే ఫైళ్ళతో పాటు మేమూ మారాం. నాంపల్లి స్టేషను వెనక ఒక పెద్ద ఇంటి ఆవరణలో రెండు గదులు అద్దెకు దొరికాయి. నాకప్పుడు పదహారేళ్ళు. ఆవరణలోని కుళాయి కింద మా అమ్మ బిందె పెడితే దాన్ని కాలితో పక్కకు నెట్టేవాళ్ళు. “మీరొచ్చిన్రు, మాకు నీళ్ళు బంద్ అయినయ్” అనేవాళ్ళు. మేమూ ఏం తక్కువ తినలేదు. గదిలోకి వచ్చి తలుపేసుకుని వాళ్ళ యాసను వెక్కిరించుకుని నవ్వుకునేవాళ్ళం. ఆ నవ్వుల్లో అందరికంటే పెద్ద గొంతు నాది. ఇక్కడివాళ్ళు చదువు రానివాళ్ళని, మేం వచ్చి వీళ్ళను బాగుచేస్తున్నామని నేను గట్టిగా నమ్మాను. ఆ నమ్మకం మీదే బి.కాం. ఫస్టు క్లాసులో పాసయ్యాను.

అప్పటికి దేశంలో మేనేజ్‌మెంటు నేర్పే అలాంటి బిజినెస్ స్కూళ్ళు రెండే, కొత్తగా పెట్టినవి. తూర్పున ఒకటి, పడమర ఒకటి. దేశం మొత్తం మీద నుంచి కట్టలు కట్టలుగా దరఖాస్తులు పోతే, తీసుకునేది ఒక బస్సుకు సరిపడే మనుషుల్ని. ముందు రాతపరీక్ష, అందులో నెగ్గితే ఇంటర్వ్యూ. మన వైపు వాళ్ళకు ఇంటర్వ్యూ మద్రాసులో. నేను రాతపరీక్ష నెగ్గాను. అబిడ్స్‌లో నాకు తెలిసినంతమందిలో అక్కడిదాకా పోయిన మొదటివాణ్ణి నేనే.

మద్రాసులో ఏం జరిగిందో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. గదిలో ముగ్గురున్నారు. మధ్యలో కూర్చున్నది తెల్ల మీసాల పెద్దాయన, చేతులు కొద్దిగా వణుకుతున్నాయి. ఆ వణికే చేతులతోనే గ్లాసులో మంచినీళ్ళు పోసి నా వైపు జరిపాడు. ఆర్థికశాస్త్రం అడుగుతారని నేను బట్టీపట్టి పోయాను. ఆయన మా నాన్న ఏం చేస్తారని అడిగాడు. “పరిపాలనా శాఖలో అధికారి” అన్నాను. ఆఫీసులో ఆయన చేసే పని ఏమిటన్నాడు. డొంకతిరుగుడుగా ఏదో చెప్పాను. “మీ నాన్నగారి ఆఫీసులో ఒక్క పద్ధతి మార్చే వీలు మీకిస్తే దేన్ని మారుస్తారు?” అన్నాడు. మా నాన్న రోజూ సాయంత్రం కవర్ల గురించి, తపాలా బిళ్ళల గురించి, తప్పు ఊరికి పోయిన ఫైళ్ళ గురించి చెబుతూనే ఉండేవాడు. నేను ఒక్కనాడూ వినలేదు. కోపం వచ్చింది. “గుమాస్తాల గురించి మాట్లాడటానికి నేనింత దూరం రాలేదండీ” అన్నాను. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దాయన నీళ్ళు తాగి వెళ్ళమన్నాడు.

తిరిగి వచ్చేసరికి మా నాన్న ఆఫీసుకు ఆలస్యం చేసుకుని మరీ నాంపల్లి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు.

“ఏమన్నార్రా?”

“ఏమంటారు? అవమానం చేసి పంపారు. నీ ఉద్యోగం ఏమిటని అడిగి, ముగ్గురూ నవ్వారు. డెస్పాచ్ గుమాస్తా కొడుక్కి ఈ చదువెందుకన్నారు.”

నోటికి ఎలా వచ్చిందో అలా వచ్చింది. మా నాన్న నా చేతిలోంచి పెట్టె తీసుకుని ముందు నడిచాడు. ఆ రోజుదాకా బస్సులో ఎవరైనా అడిగితే “సెక్రటేరియట్, డెస్పాచ్ సెక్షనండీ” అని చెప్పుకునే మనిషి, ఆ తరవాత “ఏదో గవర్నమెంటు పనిలెండి” అనడం మొదలుపెట్టాడు. రిటైరయ్యేదాకా అదే మాట. పోయేదాకా అదే మాట. మద్రాసులో ముగ్గురు గొప్పవాళ్ళు తన పనిని చూసి నవ్వారనే నమ్మకంతోనే పోయాడు.

ఆ అబద్ధం అక్కడితో ఆగితే ఇది మా ఇంటి విషయంగానే ఉండేది. నేను దాన్ని అబిడ్స్ తీసుకుపోయాను.

అబిడ్స్‌లో పెద్ద తపాలాఫీసుకు ఎదురు సందులో ఒక ఇరానీ హోటలు ఉండేది. గోడవార పాలరాతి టేబుల్ దగ్గర ప్రతి ఆదివారం సాయంత్రం మేం ముగ్గురం కూర్చునేవాళ్ళం. నేను, నాంపల్లి కోర్టుల్లో జూనియరుగా తిరిగే ఒక వకీలు, సికింద్రాబాదు మిషను బడిలో చదివి మంచి ఇంగ్లీషు మాట్లాడే ఒక బ్యాంకు గుమాస్తా. మద్రాసులో నాకు జరిగిన ‘అవమానం’ వాళ్ళకు చెప్పాను. వకీలు టేబుల్ మీద చెయ్యి వేసి, “అయితే అది పరీక్షే. తిడితే ఎవడు తట్టుకుంటాడో, ఎవడు ఎదురు తిరుగుతాడో చూస్తున్నారు” అని తేల్చాడు. నేను కాదనలేదు. ఓడిపోయినవాడికి అంత గౌరవమైన కారణం ఇంకెక్కడ దొరుకుతుంది?

అలా మా టేబుల్ మొదలైంది. బిజినెస్ స్కూలుకు పోదామనుకునేవాళ్ళు మా దగ్గరికి వచ్చి కూర్చుంటారు. చాయ్ వాళ్ళది, తీర్పు మాది. నయా పైసలు వచ్చి ఏళ్ళయినా మేం ఛాన్సు అణాల్లోనే చెప్పేవాళ్ళం. పదహారణాలంటే సీటు ఖాయం. డిగ్రీకి నాలుగణాలు, లెక్కలకు నాలుగు, ఇంగ్లీషుకు నాలుగు, మిగతా నాలుగూ గుండెకు. గుండె కొలవడానికి తిట్టేవాళ్ళం. ఊరు, యాస, తొడుక్కున్న చొక్కా, తండ్రి చేసే పని, ఏదీ వదిలేవాళ్ళం కాదు. తల్లి జోలికి మాత్రం పోలేదు, అంతవరకు మర్యాద ఉంది. కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాడికి సున్నా. తలవంచుకున్నవాడికి ఒకటి. తిరగబడి మా నోరు మూయించినవాడికి నాలుగూ.

నన్ను అందరూ జడ్జి అనేవాళ్ళు. చివరి అంకె నేనే చెప్పాలి. ఖైరతాబాదు నుంచి, సికింద్రాబాదు నుంచి కూడా వచ్చేవాళ్ళు. ఆ టేబుల్ మీంచి మద్రాసు పోయినవాళ్ళలో ఒక్కడికీ సీటు రాలేదు. రాని కొద్దీ, తిట్టింది చాలలేదనుకుని ఇంకా గట్టిగా తిట్టాం.

అలాంటి రోజుల్లో గౌలిగూడ నుంచి అతను వచ్చాడు. అప్పటికే రాతపరీక్ష నెగ్గాడు. తండ్రిది లారీ బుకింగ్ ఆఫీసు. పొద్దంతా అందులో పనిచేస్తూ సాయంత్రం కాలేజీలో బి.కాం. చదివాడు. నా వయసువాడే. వచ్చీ రాగానే కుర్చీ లాక్కుని కూర్చుని, “జడ్జిసాబ్ మీరేనా? నాకు ఎన్ని అణాలొస్తయో జర చూడున్రి” అని నవ్వాడు. అడగకుండానే నాలుగు చాయ్‌లు, ఉస్మానియా బిస్కట్లు చెప్పాడు. ఆ చొరవ నాకు నచ్చలేదు. ఆ యాస అసలు నచ్చలేదు. కుళాయి దగ్గర బిందె తన్నే గొంతు అదే.

వకీలు మొదలుపెట్టాడు. “మీ నాన్న ఏం చేస్తాడయ్యా?”

“గౌలిగూడల లారీల బుకింగ్ సార్.”

“అంటే మూటలు మోయిస్తాడన్నమాట.”

“ఔ సార్. హమాలీ రాకుంటే ఒక్కొక్కపారి మోస్తడు గూడ.” నవ్వాడు. బ్యాంకు గుమాస్తాకూ నవ్వొచ్చింది.

“నీ తండ్రిని అంటుంటే నవ్వుతావేం? సిగ్గులేదా?” అన్నాను నేను.

“ఉన్నదే అన్నరు గద జడ్జిసాబ్. మూట మోసేటోన్ని మూట మోసేటోడే అంటరు. గవర్నర్ అంటరా?”

వ్యాపారం గురించి ఏం తెలుసని బ్యాంకు గుమాస్తా ఇంగ్లీషులో అడిగాడు. అతను కొంత ఇంగ్లీషులో, తడబడిన చోట తెలుగులో చెప్పాడు. బెజవాడ పోయిన లారీ ఖాళీగా తిరిగొస్తే లాభమంతా అక్కడే పోతుంది. అందుకని ఇక్కణ్ణుంచి కదలక ముందే అక్కడి తిరుగు సరుకు మాట్లాడుకోవాలి. తిరుగు సరుకు ఖాయమైతే పోయేటప్పుడు ధర తగ్గించినా నష్టం లేదు. ఎదుటి ఆఫీసువాళ్ళకు ఈ సంగతి తెలియక, పోయేటప్పుడే అంతా గుంజాలని చూసి గిరాకీ పోగొట్టుకుంటున్నారు. చెప్పడం అయ్యాక మళ్ళీ నవ్వి బిస్కట్టు చాయ్‌లో ముంచాడు.

బ్యాంకు గుమాస్తా నా వైపు చూశాడు. ఇతనికి వ్యాపారం తెలుసని ఇద్దరికీ అర్థమైంది. ఇంకొకటి నాకు ఒక్కడికే అర్థమైంది. మద్రాసులో ఆ తెల్ల మీసాల పెద్దాయన వినాలనుకున్నది ఇదే. నన్ను అడిగింది ఇలాంటిదే. నా మనసులో అంకె అప్పుడే పడిపోయింది, పద్నాలుగణాలు.

“డిగ్రీ రెండు, లెక్కలు మూడు, ఇంగ్లీషు ఒకటి” అన్నాను. “గుండె సున్నా. మొత్తం ఆరణాలు.”

అతని నవ్వు తగ్గింది. “ఆరేనా? గుండెకు ఒక్కటి గూడ లేదా?”

“నిన్నేమన్నా నవ్వుతున్నావు. అక్కడ నవ్వితే బయటికి తోసేస్తారు.”

“నవ్వుతే ఏమైతది భాయ్?” అని, నా మొహం చూసి, గొంతు తగ్గించాడు. “జర సీదా చెప్తున్న విను. మా బాపు ఒక్కపారే పోనిస్తనన్నడు. సీటు రాకుంటే గల్లా మీద కూసోవాలె. గక్కడ కూసున్నోడు మల్ల లేవడు. మా బాపు లేస్తలేడు. ఆరణాలు పెరగాల్నంటే ఏం చెయ్యాలె?”

“ఆదివారం ఆదివారం రా” అన్నాను.

వచ్చాడు. వచ్చినప్పుడల్లా అతని తండ్రినే పట్టుకున్నాం. ఆయన చదువు, ఆయన పంచె, ఆయన ఉమ్మే కిళ్ళీ, అన్నీ అయ్యాయి. మొదట్లో నవ్వేవాడు. తరవాత నవ్వు ఆపుకోవడం నేర్చుకున్నాడు. ఆ తరవాత ఆపుకోవలసినంత నవ్వే రాలేదు. ఒక ఆదివారం వకీలు, “మీ నాన్న మెడ మీద మూటలు మోసి కాసిన కాయ ఉందటగా, దానికే డిగ్రీ ఇమ్మందామా?” అన్నాడు. అతను చాయ్ సాసరును టేబుల్ మీద బోర్లించి, వకీలు కళ్ళలోకి చూస్తూ, ఒక్క తప్పు లేని ఇంగ్లీషులో, మా నాన్న సంగతి మీకు సంబంధం లేనిది, వేరే అడగదలచుకుంటే అడగండి, లేకపోతే నోరు మూసుకోండి అన్నాడు. గల్లా దగ్గర ఇరానీ ఆయన కూడా తలెత్తి చూశాడు.

“గుండెకు నాలుగు, ఇంగ్లీషుకు మూడు. మొత్తం పన్నెండణాలు” అన్నాను. టేబుల్ చప్పట్లు కొట్టింది. అతను చప్పట్లకు కూడా నవ్వలేదు. నాకు తృప్తిగా ఉంది. ఆ నవ్వును ఆపాలని నేను ఎన్ని వారాల నుంచి చూస్తున్నానో నాకే తెలుసు.

అతను మద్రాసు బండి ఎక్కే రోజు నాంపల్లి స్టేషనుకు నేనూ పోయాను. అతని తండ్రి వచ్చాడు. బండి కదిలేముందు తినడానికి రొట్టెల మూట పట్టుకుని నిలబడ్డాడు. మేం అన్ని రోజులు తిట్టిన మనిషిని చూడటం అదే మొదటిసారి. ఆయన నన్ను చూసి చేతులు జోడించాడు. “సార్, మావోనికి వస్తదా? మీ గురించి రోజు చెప్తడు.”

“వస్తుందండీ” అన్నాను.

అతను నన్ను కొంచెం అవతలికి తీసుకుపోయాడు. “ఒక్క ముచ్చట నిజం చెప్పు. బాపు ఏం చేస్తడని అడుగుతే, గది తిట్టుడేనా? ఉత్తగ తెలుసుకుందామని గూడ అడగొచ్చు గద?”

ఇదే నా చేతిలో ఉన్న క్షణం. చెప్పవచ్చు. కాదు, అది తిట్టు కాదు, ఉత్తగా తెలుసుకుందామనే అడుగుతారు, లారీల సంగతి మొదటి రోజు మాకు చెప్పినట్టే చెప్పు అనవచ్చు. అలా అంటే నా అబద్ధం బయటపడుతుంది. మా నాన్నకు తెలుస్తుంది. టేబుల్ పోతుంది. ఇవన్నీ నిజమే, ఏళ్ళ తరబడి నాకు నేను ఈ కారణాలే చెప్పుకున్నాను. వాటన్నిటి కంటే పెద్ద కారణం, అతనికి సీటు రావడం నాకు ఇష్టం లేదు. నాకు రానిది గౌలిగూడ లారీవాడికి రావడం.

“అదే మొదటి దెబ్బ” అన్నాను. “అక్కడే తిప్పికొట్టు.”

ఆ తరవాతి ఆదివారం అతను టేబుల్ దగ్గరికి వచ్చాడు. చాయ్ చెప్పలేదు. నేనే చెప్పాను.

“మంచోళ్ళు భాయ్ వాళ్ళు” అన్నాడు. “ఒక పెద్దాయన నీళ్ళిచ్చిండు. మీ నాయిన ఆఫీసుల ఒక దినం ఎట్ల నడుస్తదో చెప్పమన్నడు. మీరు నేర్పిందే చెప్పిన. ఒక్క అక్షరం మర్సిపోలే. గాయన ముఖం చిన్నగయింది. నాకు నిజంగనే తెలుసుకోవాలనుండె అన్నడు. ఇగ నేను లేసిన. చప్పుడు గాకుంట తలుపేసి వచ్చిన.”

వకీలు పగలబడి నవ్వాడు. “ప్యానెల్ నోరు మూయించి వచ్చావా సేటూ! శభాష్.”

అతను వకీలు వైపు చూడలేదు. “జడ్జిసాబ్, నిన్ను అడిగింది గూడ గాయనేనా? తెల్ల మీసాలు, చేతులు వణుకుతయి.”

“కాదు. నన్నడిగినవాడు వేరు” అని చాయ్ తాగాను.

అతను నా కప్పు వైపు చూసి, “ఔ” అని లేచి పోయాడు. మళ్ళీ ఆ టేబుల్ దగ్గరికి రాలేదు. మరుసటి వారం నుంచి గల్లా మీద కూర్చున్నాడని విన్నాను. అతను వచ్చి నిజం చెబుతాడేమోనని భయపడి, నేనే ముందు కథ మొదలుపెట్టాను. తలుపు ధడాలున వేయించింది అప్పుడే. అబిడ్స్‌లో చెప్పింది గౌలిగూడ చేరడానికి ఎంతసేపు? ‘ఇంటర్వ్యూ సేటు’ అయ్యాడు. అతని తండ్రి చెవిన కూడా పడే ఉంటుంది.

ఇప్పుడు నాకు నలభై దాటుతోంది. ఒక ప్రైవేటు కాలేజీలో కామర్సు చెబుతాను. మొన్నటిదాకా విద్యార్థులు వచ్చి ఛాన్సెంత సార్ అని అడిగితే చెబుతూనే ఉన్నాను. నుమాయిష్‌లో ఆ కథ విన్న వారం నేను గౌలిగూడ పోయాను.

అతను లావెక్కాడు. చెవి మీద పెన్సిలు, ముందు రసీదు పుస్తకం. తల ఎత్తకుండానే, “సామాను ఏడికి?” అన్నాడు.

“సామాను లేదు.”

“గట్లయితే పక్కకు జరుగు. ఎనక మనుషులున్నరు.” అప్పుడు తలెత్తాడు. గుర్తుపట్టాడు. మొహంలో ఏమీ మారలేదు.

నిలబడే చెప్పాను. నన్ను అడిగింది కూడా ఆ పెద్దాయనేనని, నీళ్ళిచ్చాడని, తిట్టలేదని.

రసీదు చింపి నా వెనక మనిషికి అందించాడు. “ఎరికె.”

“ఎప్పటినుంచి?”

“గా దినం నుంచే. వేరేటోడు అన్నవ్ సూడు, గప్పుడు నీ చాయ్‌ల ఈగ పడ్డది. సూస్కోకుంట తాగినవ్.”

“మరి నువ్వెందుకు ఎవరికీ చెప్పలేదు?”

“చెప్తే మా బాపు నన్ను మల్ల పంపుతుండెనా?” పెన్సిలుతో ఏదో రాసుకున్నాడు. “ఇన్నేండ్లకు ఏం పనిబడ్డది? మాఫీ కావాల్నా? గది గీడ బుక్ చేస్తలేం.”

నాకు కోపం వచ్చింది. మనిషి ఇంత దూరం వచ్చి చెబుతుంటే కూర్చోమని అనడా అనిపించింది. ఆ కోపంతోనే, “నేను చెయ్యగలిగింది ఏదైనా ఉంటే చెప్పు” అన్నాను.

“నాకొచ్చి చెప్పుడేంది? అబద్ధం నా ఒక్కనికే చెప్పినవా? ఏడేడ చెప్పినవో గాడ చెప్పుకో, పో.” నన్ను దాటి బయటికి చూసి అరిచాడు. “ఏయ్, గా బెజవాడ సరుకు ఎక్కియ్యున్రి. ఎంతసేపు?”

అక్కణ్ణుంచి నడిచి అబిడ్స్ పోయాను. హోటలు ఉంది. పాలరాతి టేబుల్ కూడా ఉంది, ఒక మూల పగిలింది. దాని చుట్టూ ఎవరో నలుగురు బ్యాంకు పరీక్షల గురించి మాట్లాడుకుంటున్నారు. వకీలు వేరే ఊరు పోయాడు. బ్యాంకు గుమాస్తా ఎక్కడున్నాడో తెలియదు. చెప్పవలసిన వాళ్ళెవరూ అక్కడ లేరు. నేను చెప్పిన కథ మాత్రం ఊరంతా తిరుగుతోంది. అందుకని రాస్తున్నాను.

మద్రాసులో ఆ గదిలో నన్ను ఎవరూ తిట్టలేదు. మా నాన్న పనిని చూసి ఎవరూ నవ్వలేదు, దాని గురించి వినాలనుకున్నారు. గౌలిగూడ మనిషి మా టేబుల్ దగ్గరికి వచ్చిన రోజు అతని ఛాన్సు నా లెక్కలో పద్నాలుగణాలు. ఆరణాలని నేను చెప్పాను. ఆ పెద్దాయనతో అతను అన్న మాటలు అతనివి కావు, వారం వారం మేం నేర్పినవి. తలుపు అతను మెల్లగానే వేసి వచ్చాడు.